స్టెప్నీ లేని కారులో శ్రీశైలం దారి: రెండుసార్లు టైరు పోయిన అనుభవంతో చెబుతున్నాను

నమస్కారం అండి. కొత్త కారుతో స్టెప్నీ ఇవ్వలేదు, డిక్కీలో చిన్న పంచర్ కిట్ మాత్రమే ఉంది, పిల్లల్నీ పెద్దవాళ్లనీ తీసుకుని హైదరాబాద్ నుంచి శ్రీశైలం వెళ్తుంటాం, కిట్‌ని నమ్ముకోవచ్చా లేక విడిగా టైరు కొనుక్కోవాలా అని అడిగారు. నాదీ అలాంటి కారే, నాదీ అదే దారి. మా అత్తగారి ఊరు శ్రీశైలం దగ్గరి సున్నిపెంట. ఏడాదికి నాలుగైదుసార్లు వెళ్తాం. ఈ కారు కొన్నాక రెండుసార్లు దారిలో టైరు పోయింది. ఒకసారి కిట్ ఒడ్డున పడేసింది, రెండోసారి అది ఏ పనికీ రాలేదు. ఆ రెండూ తెలిస్తే మీ ప్రశ్నకు జవాబు మీకే దొరుకుతుంది.

ముందు ఒక మాట. స్టెప్నీ ఇవ్వకపోవడం షోరూం వాళ్లు చేసిన మోసం కాదు. కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు మార్చారు. ట్యూబ్‌లెస్ టైర్లు, గాలి తగ్గితే హెచ్చరించే టీపీఎంఎస్, పంచర్ కిట్ ఈ మూడూ ఉన్న కార్లకు 2020 అక్టోబర్ 1 నుంచి స్టెప్నీ తప్పనిసరి కాదు. కాబట్టి ఆ మూడూ బాగా పనిచేస్తున్నాయా లేదా అని చూసుకోవాల్సిన బాధ్యత ఇప్పుడు మనదే. చాలామంది కిట్ సీలు కూడా విప్పి చూడరు. ఈ రోజే విప్పి చూడండి.

మొదటిసారి జరిగింది చెబుతాను. సున్నిపెంట నుంచి సాయంత్రం తిరిగి వస్తున్నాం. వెనక సీట్లో అమ్మ, మా పాప. దోమలపెంట దాటి కొంత దూరం వచ్చాక మీటర్లో పసుపు లైటు వెలిగింది. ఎడమ వెనక టైరులో 33 పీఎస్‌ఐ ఉండాల్సిన గాలి 24 చూపిస్తోంది. ఆ దారి మీకు తెలిసిందే. అమ్రాబాద్ పులుల అడవి, చాలా చోట్ల ఫోన్‌కి సిగ్నల్ ఉండదు. రాత్రి 9కి మన్ననూరు గేటు మూస్తే మళ్లీ ఉదయం 6కే తీస్తారు. చీకటి పడుతోంది, నిజంగా టెన్షన్ పడ్డాను.

దిగి టార్చి వేసి చూస్తే టైరు నేలకు ఆనే భాగంలో మేకు దిగి ఉంది. దాన్ని పీకలేదు. పీకితే ఉన్న కాస్త గాలీ ఒక్కసారిగా పోతుంది. ఇంజన్ ఆన్‌లో ఉంచి, కారులోని 12 వోల్టుల సాకెట్‌కి కిట్‌లోని కంప్రెసర్ (గాలి కొట్టే చిన్న యంత్రం) తగిలించి 35 దాకా గాలి కొట్టాను. నాలుగైదు నిమిషాలు పట్టింది. నెమ్మదిగా 40, 50 మధ్య నడుపుకుంటూ వటవర్లపల్లి చేరేసరికి 28కి దిగింది. అక్కడ ఇళ్లు ఉన్న చోట ఆపి మళ్లీ కొట్టాను. మన్ననూరులో ఇంకోసారి. గేటు మూసే వేళకి చాలా ముందే అడవి దాటాం. అచ్చంపేటలో పంచర్ వేయించుకుని ఇంటికి వచ్చేశాం. కిట్‌లోని సీలెంట్ (టైరు లోపలికి ఎక్కిస్తే రంధ్రం మూసే ద్రవం) సీసా మూత కూడా తీయలేదు.

అందుకే అంటున్నాను, కిట్‌లో అసలైన వస్తువు సీలెంట్ కాదు, కంప్రెసర్. మేకు గుచ్చుకున్న ట్యూబ్‌లెస్ టైరులో గాలి మెల్లగా దిగుతుంది. ముందే గమనించి గాలి కొట్టుకుంటూ వస్తే పంచర్ షాపు దాకా చేరొచ్చు. గాలి వెంటవెంటనే దిగిపోతుంటే అప్పుడు సీలెంట్ వాడండి. అది ఒక్కసారికే పనికొస్తుంది, సీసా మీద గడువు తేదీ ఉంటుంది, దాటితే మార్చాలి. ఎక్కించిన వెంటనే కొన్ని కిలోమీటర్లు నెమ్మదిగా నడిపితే టైరంతా పరుచుకుంటుంది. తర్వాత ఆపి గాలి చూసుకోవాలి. 80 దాటి వెళ్లకూడదు. పంచర్ వేసే అతనికి లోపల సీలెంట్ ఉందని తప్పక చెప్పండి. టైరు విప్పి కడగాలి, లోపల గాలి కొలిచే సెన్సర్ కూడా తుడవాలి.

రెండోసారి కల్వకుర్తి దగ్గర, మంచి వాన. నీళ్లు నిండిన గుంత కనబడలేదు. ముందు టైరు దాని అంచుకు గట్టిగా కొట్టుకుని టైరు పక్కగోడ (నేలకు ఆనని పక్క భాగం) రెండు వేళ్ల వెడల్పు చీలింది. సీలెంట్ ఎక్కిస్తే చీలికలోంచి నురగలా బయటికి వచ్చేసింది. పక్కగోడ చీలితే సీలెంట్ పనిచేయదు, స్ట్రిప్ (రంధ్రంలోకి సూదితో దింపే రబ్బరు పట్టీ) పట్టదు, ప్యాచ్ వేయకూడదు. టైరు మార్చడం ఒక్కటే దారి. ఇన్సూరెన్స్‌తో వచ్చిన రోడ్‌సైడ్ అసిస్టెన్స్‌కి ఫోన్ చేస్తే, కారును పైకి ఎక్కించుకునే బండి వచ్చేసరికి రెండు గంటలు దాటింది. ఆ రెండు గంటలూ అమ్మ తడి బట్టలతో ఒక టీ కొట్టులో కూర్చుంది. ఇదే అడవి మధ్యలో జరిగి ఉంటే ఆ ఫోన్ కూడా కలిసేది కాదు. ఆ రోజు నుంచే నా ఏర్పాట్లు మార్చుకున్నాను.

ఇప్పుడు కిట్‌తో పాటు ట్యూబ్‌లెస్ స్ట్రిప్‌ల సెట్టు, మేకు పీకడానికి పట్టకారు, తలకు పెట్టుకునే టార్చి, గ్లవ్స్, లీకు వెతకడానికి చిన్న సీసాలో సబ్బు నీళ్లు ఉంచుతున్నాను. స్ట్రిప్ వేయడం పంచర్ షాపులో పాత టైరు మీద రెండుసార్లు చేసి నేర్చుకున్నాను. మీరూ అలాగే నేర్చుకోండి. సూదిని లోపలికి దింపడానికి అనుకున్నదానికంటే చాలా బలం కావాలి, మొదటిసారి రోడ్డు మీద ప్రయత్నించే పని కాదు. స్టెప్నీ లేని కార్లలో చాలావాటికి జాకీ కూడా ఇవ్వరు. చక్రం విప్పకుండానే పని కావాలి. ముందు టైరైతే స్టీరింగ్ పూర్తిగా తిప్పండి, మేకు ఉన్న వైపు బయటికి వస్తుంది. వెనక టైరైతే మేకు చేతికి అందే చోటికి వచ్చేదాకా కారును కాస్త ముందుకో వెనక్కో జరపండి.

టైరు పూర్తిగా కూర్చుండిపోతే మాత్రం ఒక్క కిలోమీటరు కూడా నడపొద్దు. రిమ్ము బరువుకు పక్కగోడ లోపలి నుంచి నలిగిపోతుంది. నూటయాభైకి పోయే పంచర్ కాస్తా కొత్త టైరు ఖర్చు అవుతుంది. హైవే మీదైతే హజార్డ్ లైట్లు వేసి, వీలైనంత ఎడమకు ఆపి, హెచ్చరిక ట్రయాంగిల్‌ని కారు వెనక దూరంగా పెట్టి, పిల్లల్నీ పెద్దవాళ్లనీ దించి రోడ్డుకు దూరంగా నిలబెట్టండి. కారులో కూర్చోబెట్టొద్దు. జాతీయ రహదారుల మీద సాయానికి 1033 ఉంది.

ఇక విడిగా టైరు కొనాలా అన్నది. ఊళ్లో తిరగడానికే అయితే అక్కర్లేదు. మీరు శ్రీశైలం దారిలో కుటుంబంతో వెళ్తారు కాబట్టి కొనమనే చెబుతాను. నేను స్టీలు రిమ్ముతో ఒకటి తీసుకున్నాను. మామూలు రోజుల్లో ఇంట్లోనే ఉంటుంది, అడవి దారి పట్టినప్పుడు డిక్కీలో బెల్టుతో కట్టి పెడతాను. సామాను ఒక పెట్టె తగ్గుతుంది, అంతే. టైరు సైజు ఒక్కటే చూసి కొనకండి. బోల్టు రంధ్రాల మధ్య దూరం, రిమ్ము ఆఫ్‌సెట్ (రిమ్ము కారుకు ఎంత లోపలికి లేదా బయటికి కూర్చుంటుందో చెప్పే కొలత), మధ్య రంధ్రం సైజు కుదరాలి. జాకీ, వీల్ స్పానర్ కూడా తీసుకుని, జాకీ ఎక్కడ ఆనించాలో మాన్యువల్లో చూసి, ఇంటి ముందు ఒకసారి బిగించి చూడండి. మీ కారు మోడలు, టైరు సైజు రాస్తే నేను ఏ కొలతలు సరిచూసుకున్నానో వివరంగా చెబుతాను.