తెలియని పేరుకు ఒక గీత

చిరంజీవికి ఆశీస్సులు.

జార్జ్ ఎడ్వర్డ్ కొకేన్ మీద నీవు రాసి పంపిన వ్యాసం నిన్న రెండోసారి చదివాను. బ్రిటిష్ ప్రభువంశాల లెక్క తేల్చడానికి సగం జీవితం వెచ్చించిన మనిషిని తెలుగు పాఠకులకు పరిచయం చేయాలన్న నీ ఆలోచన నాకు ఎంతో నచ్చింది. కానీ లండన్‌లో రసెల్ స్క్వేర్ ఇంట్లో చిన్నారి జార్జ్ తల్లి ఒడిలో కూర్చుని పూర్వీకుల కథలు వింటున్నట్టు మొదటి రెండు పేజీల్లో నీవు కల్పించిన దృశ్యం చదువుతుంటే మనసు చివుక్కుమంది. దానికి ఆధారం ఏదీ లేదు. ఎవరి గురించి రాస్తున్నావో ఆయన చేతికే ఆ కాగితాలు వెళ్ళి ఉంటే, ఆ రెండు పేజీలనూ అడ్డంగా కొట్టేసి ఉండేవారు.

ఆ కల్పన నీకు అవసరం కూడా లేదు. కాగితాల మీద ఉన్నదే అంతకంటే బలమైనది. ఆయన 1825 ఏప్రిల్ 29న పుట్టినప్పుడు ఇంటిపేరు కొకేన్ కాదు, ఆడమ్స్. కొకేన్ అన్నది తల్లి పుట్టింటి పేరు. ఆమె ఆరవ కల్లెన్ వైకౌంట్ బోర్లేస్ కొకేన్‌కు సోదరుని కూతురు. 1810లో ఆ ప్రభువుతోనే బిరుదు అంతరించిపోయింది. తల్లి తన వీలునామాలో కోరినందువల్ల, 1873లో, 48 ఏళ్ళ వయసులో, రాజానుమతి తీసుకుని ఆయన తన ఇంటిపేరును కొకేన్‌గా మార్చుకున్నారు. తరువాత ఆయన రాసిన మహాగ్రంథం ‘కంప్లీట్ పీరేజ్’ (ప్రభువంశాల సమగ్ర గ్రంథం) పూర్తి పేరులోనే ఇంకా కొనసాగుతున్నవి, అంతరించినవి, వారసుడు తేలక నిలిచిపోయినవి అని మూడు రకాల బిరుదుల ప్రస్తావన ఉంది. అంతరించినవాటిలో ఒకటి అమ్మ పుట్టింటిది. ఈ రెండు సంగతులనూ పక్కపక్కన పెట్టి ఊరుకో. పాఠకుడికి చేరవలసినది చేరుతుంది.

ఉద్యోగాల జాబితాను నీవు పేజీన్నర రాశావు, దాన్ని నాలుగు వాక్యాలకు కుదించు. కాలేజ్ ఆఫ్ ఆర్మ్స్ అంటే పాఠాలు చెప్పే కాలేజీ కాదనీ, 1484లో మూడవ రిచర్డ్ రాజు సనదు పొందిన సంస్థ అనీ, వంశచిహ్నాలకూ వంశావళులకూ లెక్క చూసే పదముగ్గురు అధికారులు అందులో ఉంటారనీ ముందు చెప్పాలి. లేకపోతే మన పాఠకుడికి ఒక్క పదవి పేరూ అర్థం కాదు. 1859లో ఆయన అందులో కింది స్థాయి పదవి అయిన రూజ్ డ్రాగన్ పర్సివంట్‌గా చేరారు. 1870లో దానికి పై మెట్టు అయిన లాంకాస్టర్ హెరాల్డ్, 1882లో ట్రెంట్ నదికి ఉత్తరాన ఉన్న ఇంగ్లండ్‌ను చూసే నారాయ్, 1894లో దక్షిణాన్ని చూసే క్లారెన్స్యూ అయ్యారు. 1911 ఆగస్టు 6న కన్నుమూసే వరకూ ఆ చివరి పదవిలోనే ఉన్నారు.

నీవు నిలబడి చూపించవలసినది ఆ పుస్తకాన్ని. ‘కంప్లీట్ పీరేజ్’ ఎనిమిది సంపుటాలు 1887 నుంచి 1898 వరకు వెలువడ్డాయి. అంటే 62వ ఏట మొదలై 73వ ఏట ముగిసిన పని. రచయిత తన పేరును జి.ఇ.సి. అన్న మూడు పొడి అక్షరాలతోనే సరిపెట్టుకున్నారు. ఆ పుస్తకంలో ఒక్కొక్క ప్రభువుకు జననం లేదా బాప్తిస్మం, పెళ్ళి, మరణం, ఖననం, వీలునామా రుజువైన తేదీ వరుసగా వస్తాయి. భార్య తండ్రి పేరు దొరకకపోతే అక్కడ ఉత్త గీత ఉంటుంది. ఆ గీత విలువ తెలియాలంటే అంతకు ముందు ఏం జరుగుతూ వచ్చిందో నీ వ్యాసంలో చూపాలి. కుటుంబాలు తమ గురించి తాము చెప్పుకున్న గొప్పలు అచ్చులోకి ఎక్కి చరిత్రగా చలామణి కావడాన్ని ఫ్రీమన్ వంటి చరిత్రకారుడు 1877లోనే దుయ్యబట్టాడు.

దీనికి ఉదాహరణగా స్పెన్సర్ కుటుంబాన్ని తీసుకో. 1504లో జాన్ స్పెన్సర్‌కు వంశచిహ్నంగా మంజూరైన డాలు నీలిది. మధ్యలో ఎర్మిన్ (నల్ల మచ్చల తెల్ల బొచ్చు) పట్టీ, దాని పైనా కిందా కలిపి ఆరు సముద్రపక్షుల తలలు. ఆ శతాబ్దం చివరికి వచ్చేసరికి పక్షులు పక్కకు తప్పుకున్నాయి. వాటి స్థానంలో మధ్యయుగపు డిస్పెన్సర్ ప్రభువుల చిహ్నం వచ్చింది, దాని నల్లని ఏటవాలు పట్టీ మీద మూడు వెండి గవ్వలు చేరాయి. డిస్పెన్సర్ల నుంచి దిగివచ్చినట్టు ఒక వంశావళి కూడా తయారైంది. దాన్ని తయారుచేసింది క్లారెన్స్యూ పదవిలో ఉన్న రిచర్డ్ లీ, అంటే మూడు వందల ఏళ్ళ తరువాత కొకేన్ కూర్చున్న కుర్చీలోనే కూర్చున్న మనిషి. ఆ కుటుంబం నిజంగా వార్విక్‌షైర్‌లో గొర్రెల మందలతో డబ్బు గడించి పైకి వచ్చినదనీ, పై వంశావళి కల్పితమనీ వంశచరిత్రల పరిశోధకుడు జె. హెచ్. రౌండ్ 1901లో బయటపెట్టాడు. కష్టపడి పైకి వచ్చిన తాతను దాచిపెట్టి, ఎవరిదో రక్తాన్ని అరువు తెచ్చుకోవడం నాకు ఎప్పుడూ బాధ కలిగించే విషయం.

ఈ మాట ఇంత గట్టిగా చెప్పడానికి నా సొంత అనుభవం ఒకటి ఉంది. ముప్పై ఏళ్ళ కిందట ఒక కుటుంబ చరిత్ర రాస్తూ, విభవ సంవత్సరంలో రాసిన భూమి దస్తావేజు ఒకటి చూశాను. దాని మీద శక సంవత్సరం చిరిగిపోయింది. విభవ 1808లోనూ వచ్చింది, 1868లోనూ వచ్చింది. మన ఇళ్ళల్లో తాత పేరు మనవడికి పెడతారు కదా. దస్తావేజులో ఉన్నది మనవడైతే, నేను తాత అనుకున్నాను. తద్దినాల్లో మూడు తరాల పేర్లే చెబుతాం కనుక ఆ పై తరం సంగతి ఇంట్లో ఎవరికీ తెలియదు, నన్ను ఆపగలిగిన వారూ లేరు. పుస్తకం అచ్చయిన రెండేళ్ళకు ఆ ఇంటి ఆడపడుచు ఒకామె మరో కాగితం తెచ్చి నా ముందు పెట్టింది. మనవడు అమ్ముకున్న పొలాన్ని నేను తాత చేత అమ్మించాను. ఆమె నన్ను ఒక్క మాట కూడా అనలేదు. ఆ రోజు నా పుస్తకంలో ఆ చోట ఒక గీత ఉండి ఉంటే ఎంత బాగుండేదో అని ఇప్పటికీ అనుకుంటాను.

ఇలాంటి గుంటలు ఇంగ్లండ్ కాగితాల్లోనూ ఉన్నాయి, నీ వ్యాసంలో ఒకదాంట్లో నీవు పడ్డావు కూడా. 1752కు ముందు అక్కడ సంవత్సరం మార్చి 25న మొదలయ్యేది. కనుక పాత రిజిస్టర్‌లో 1640 ఫిబ్రవరి అని ఉంటే అది మన లెక్కకు 1641 ఫిబ్రవరి. ఈ సంగతి గమనించక, నీవు ఒక పెద్దమనిషికి తండ్రి పోయిన పదకొండు నెలలకు పుట్టుక అంటగట్టావు. అలాగే చర్చి రిజిస్టర్లు 1538 నుంచి మొదలయ్యాయి, వాటిలో ఉండేది చాలావరకు బాప్తిస్మం తేదీ. దాన్ని పుట్టినతేదీగా మార్చి రాయకు, బాప్తిస్మం అనే రాయి.

పని పూర్తయిందన్న అతిశయోక్తి కూడా తీసెయ్యి. 1900లో, 75వ ఏట, ఆయన బారోనెట్ల (వంశపారంపర్య బిరుదున్నా ప్రభువుల్లో చేరని వారి) మీద మరో అయిదు సంపుటాల పని అందుకున్నారు. తన ‘పీరేజ్’ను సవరించి విస్తరించే రెండవ కూర్పును 1910లో మేనల్లుడు వికరీ గిబ్స్ మొదలుపెట్టడం ఆయన కళ్ళారా చూశారు. అది చేతులు మారుతూ 1959లో గానీ ముగియలేదు. ఆ తరువాత సవరణలతోనే మరో సంపుటం 1998లో వచ్చింది.

చివరి పేజీకి నేను ఒక సంగతి ఇస్తాను. ఆయన కుమారుడు బ్రయన్ కొకేన్ 1918 నుంచి 1920 దాకా బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ గవర్నర్‌గా పనిచేశాడు. 1920లో అతన్ని ప్రభువును చేసినప్పుడు వచ్చిన బిరుదు బారన్ కల్లెన్ ఆఫ్ ఆష్‌బోర్న్. తండ్రి పుస్తకం రెండవ కూర్పులో, 1901 నుంచి 1938 వరకు కొత్తగా ఏర్పడిన బిరుదులకు ఒక సంపుటం ఉంది. నాయనమ్మ పుట్టింటి బిరుదు పేరు ఆ కాలపు బిరుదుల్లో మళ్ళీ వచ్చింది. ఇది విన్నప్పుడు ఆ తండ్రికి ఎలా ఉండేదో మాత్రం రాయకు. ఆయన అప్పటికి పోయి తొమ్మిదేళ్ళయింది.

దిద్దిన ప్రతిని, ఒక్కొక్క తేదీ ఎక్కడ దొరికిందో పక్కన రాసి, సంక్రాంతిలోగా పంపు. ఆధారం లేని చోట గీత పెట్టి వదిలెయ్యి, ఇద్దరం కూర్చుని వెతుకుదాం.

ఇట్లు,
నీ శ్రేయోభిలాషి