మిద్దె తోట – మీ ప్రశ్న, నా జవాబు

ప్రశ్న: మాది విశాఖ ఎం.వి.పి. కాలనీ. ఉగాదికి మా మిద్దె మీద కాసిన ఆనపకాయే వండాలని కోరిక. నిరుడు మార్చిలో గింజలు పెట్టాను. మొలిచాయి గానీ ఏప్రిల్ ఎండకి తీగలు మాడిపోయాయి. దక్షిణం పిట్టగోడ దగ్గర ఎప్పుడూ నీడేనని అక్కడ కుండీలు పెట్టలేదు. ఈసారి శీతాకాలం నుంచే మొదలుపెడదామనుకుంటున్నాను. మళ్లీ పోతాయేమోనని టెన్షన్‌గా ఉంది మేడమ్.

– ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, గింజల తప్పు లేదు, మీ చేతి తప్పూ లేదు. ఆనప, బీర గింజ పెట్టిన 55, 60 రోజులకు గానీ కాయ చేతికి రాదు. మార్చిలో పెడితే వేరు దిగేలోపే ఎండ ముదిరిపోతుంది. అందుకని సంక్రాంతి వెళ్లిన వారంలోనే గింజలు రాత్రంతా నానబెట్టి పెట్టేయండి. వంగ, మిరప నారు ఇంకా ముందు, డిసెంబరు ఆఖరుకే పోసుకోవాలి.

ఆ దక్షిణం గోడ సంగతి చెప్తాను. డిసెంబరు 21 ప్రాంతంలో మిట్టమధ్యాహ్నం సుద్దముక్క పట్టుకుని మిద్దెక్కి, నీడ ఎంతవరకు పడిందో గీత గీయండి. పెదవాల్తేరులో మా మూడడుగుల గోడ నీడ ఆ రోజు రెండున్నర అడుగులు దాటింది. ఉగాది నాటికి అడుగే మిగిలింది. మే రెండో వారానికి సూర్యుడు నెత్తి మీదకే వచ్చేస్తాడు, గోడ మొదట్లో కూడా నీడ ఉండదు. శీతాకాలపు నీడ చూసి మీరు వదిలేసిన జాగాలోనే పందిరి వేసుకోవచ్చు. తోటకూర, పాలకూర కుండీలు మాత్రం మెట్ల గదికి తూర్పు పక్కన పెట్టండి. పొద్దు వాలాక గది నీడ వాటి మీద పడుతుంది.

పందిరి గుంజలు తుపానుల రోజులు దాటాకే కట్టండి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్‌కి మా పందిరి మొత్తం లేచిపోయింది. పొట్ల తీగలు ముక్కలై మెట్లంతా పరుచుకున్నాయి. ఆ పొద్దు నేను ఏడ్చాను. అప్పటి నుంచి డిసెంబరు వెళ్లేదాకా కర్ర పాతను.

ఈ నెలలో చేయాల్సిన పని మట్టిది. పాత మట్టి బోర్లించి నాలుగు రోజులు ఎండనిచ్చి, రెండు పాళ్ల ఎర్రమట్టికి ఒక పాలు వర్మీకంపోస్టు, ఒక పాలు కొబ్బరి పొట్టు కలపండి. పొట్టును రెండు మూడు నీళ్లు మార్చి కడగండి, అందులో ఉప్పుంటుంది. మనకు సముద్రపు గాలి ఉప్పే చాలు. గుప్పెడు వేపపిండి వేయండి. భోగిమంట బూడిద కూడా మంచిదే, కుండీకి గుప్పెడు చాలు. అయితే పిడకలు, ఉత్త కర్రలు కాలిన బూడిదే వాడండి. రంగులేసిన పాత తలుపులు కాలిన బూడిద కూరగాయల దగ్గరికి రానివ్వకండి. ఆనపకు ఇరవై లీటర్ల టబ్బుకు తక్కువైతే వద్దు, టబ్బుకు ఒక్కటే పాదు.

మీ మిద్దె మీద చిక్కుడు పాదు ఉంటే తొందరపడి తీసేయకండి. రథసప్తమికి దేవుడి రథం కట్టడానికి కాయలు, నైవేద్యం పెట్టడానికి ఆకులు కావాలి కదా. పండగయ్యాక వేరుతో పీకకుండా మొదలు దగ్గర కోయండి. వేళ్లకున్న చిన్న చిన్న బుడిపెల్లో నత్రజని ఉంటుంది, అది మట్టిలోనే కలుస్తుంది. ఆ కుండీలోనే తోటకూర చల్లండి.