గులాబీ రంగు పురుగుకి స్టెరైల్ పురుగులు వదిలే పద్ధతి మన పత్తిలో పనిచేస్తుందా?

అమెరికాలో పిల్లలు పుట్టని రెక్కల పురుగుల్ని విమానంలోంచి వదిలి గులాబీ రంగు పురుగుని లేకుండా చేశారట, మన దగ్గర ఎందుకు చేయరు అని అడిగారు కదా. చేసిన మాట నిజం. మాది పరకాల వైపు, ఇంట్లో ఇప్పటికీ పత్తే వేస్తాం, నేను చదువుకి అరిజోనా వెళ్ళినప్పుడు అదే ప్రోగ్రామ్ నడుస్తోంది, మా ల్యాబ్‌లో ట్రాపుల్లో పడ్డ పురుగులు చూసే పని కొన్నాళ్ళు చేశా, అందుకే రాస్తున్నా.

ఫీనిక్స్‌లో ఒక ఫ్యాక్టరీ ఉండేది, పురుగుల్ని పెంచడానికే. వాటికి పెట్టే మేతలో ఎర్ర రంగు కలుపుతారు, పెద్దయ్యాక రేడియేషన్ ఇస్తారు, చల్లబరిచి కదలకుండా చేసి చిన్న విమానాల్లో తీసుకెళ్ళి చేల మీద వదులుతారు. అవి బయటి వాటితో జతకడితే గుడ్లు పొదగవు, అంతే దీని సూత్రం. మా దగ్గరికి లింగాకర్షక బుట్టల్లో (ఆడ పురుగు వాసన పెట్టి మగవాటిని రప్పించే ట్రాపులు) పడ్డ మగ పురుగులు వచ్చేవి, ఒక్కోదాని పొట్ట తెల్ల కాగితం మీద నొక్కితే ఎర్రగా మరక పడిందా అది ఫ్యాక్టరీది, పడలేదా అది చేలో పుట్టింది. ట్రే అంతా ఎర్ర మరకలే ఉండి ఎక్కడో ఒకటి మామూలుది కనిపిస్తే ఆ బుట్ట ఏ చేలోదో వెంటనే రాసి పంపేవాళ్ళం.

2006 నుంచి 2009 లోపు అరిజోనాలోనే 200 కోట్లకు పైగా వదిలారు. 1917లో టెక్సస్‌లో కనిపించిన పురుగు, 2018లో దేశంలోని పత్తి ప్రాంతాల్లో ఎక్కడా లేదని అక్కడి వ్యవసాయ శాఖ ప్రకటించింది.

కానీ అసలు విషయం ఇక్కడుంది. స్టెరైల్ పురుగులు చేలో ఉన్న పురుగుల కంటే ఎన్నో రెట్లు ఎక్కువ ఉంటేనే పనిచేస్తాయి. చేలో లక్ష ఉంటే ఎన్ని లక్షలు వదులుతారు? అక్కడ బీటీ పత్తి (పురుగుని చంపే జీన్ మొక్కలోనే పెట్టిన పత్తి) ఆ పురుగు మీద బాగా పనిచేస్తుండగా, ముందే సంఖ్య బాగా పడిపోయాక వీటిని వదిలారు, మిగిలిన కాసిన్నిటికీ జత దొరక్కుండా చేశారు. ఇంకోటి, బీటీని తట్టుకునే పురుగు ఒకటీ అరా ఉన్నా అది కూడా స్టెరైల్ దానితోనే జతకట్టేది, అందుకే అక్కడి రైతుల్ని, పురుగు బీటీకి అలవాటు పడకుండా మామూలుగా వేయించే నాన్ బీటీ వరసలు వేయకుండా మొత్తం బీటీయే వేసుకోనిచ్చారు. పైగా ఫలానా తేదీ లోపు పత్తి కట్టె కోసి దున్నేయాలని రూల్. దీనికి రైతులే ఓటేసి ఒప్పుకుని ఎకరానికింత అని డబ్బులు కూడా కట్టారు.

మన దగ్గర ఇది పూర్తిగా రివర్స్. గుజరాత్‌లో 2010కే మొదటి బీటీ జీన్‌ని పురుగు తట్టుకుంది, ఆ తర్వాత రెండు జీన్లున్న బీటీని కూడా తట్టుకుంది. నీళ్ళున్నచోట ఫిబ్రవరి, మార్చి దాకా పంట ఉంచుతాం, కట్టె గట్టు మీద కుప్పేస్తాం, పురుగు ఎండిన కాయల్లో, గింజల్లో హాయిగా నిద్రపోయి మళ్ళీ సీజన్‌కి లేస్తుంది. ఇంత ఉధృతిలో స్టెరైల్ పురుగులు వదిలినా సముద్రంలో కాకిరెట్టే. ఈ మాట రాస్తుంటే నాకూ బాధగానే ఉంది, ఎందుకంటే ఈ పద్ధతి మన దగ్గరికి రావాలని నిజంగా కోరుకుంటున్నా, మందులకి మా నాయన పెట్టిన ఖర్చు నాకు తెలుసు.

అందుకని ఇప్పటికి మీ చేతిలో ఉన్నవి చేయండి. తక్కువ కాలం రకం వేసి డిసెంబర్ చివరికి పంట తీసేయండి, కట్టె ముక్కలు చేసి దున్నించండి. పూత మొదలైనప్పటి నుంచి బుట్టలు పెట్టి రోజూ చూడండి, విచ్చుకోకుండా ముడుచుకున్న గుడ్డి పూలు కనిపిస్తే తెంపి నాశనం చేయండి, లోపల పురుగు ఉంటుంది. దగ్గర్లో జిన్నింగ్ మిల్లు ఉంటే అక్కడా బుట్టలు పెట్టమని అడగండి. ఆడ పురుగు వాసనతో మగవాటిని తికమకపెట్టి జతకట్టకుండా చేసే ఫెరోమోన్ తాళ్ళు, పేస్టు ఇప్పుడు మన దగ్గరా దొరుకుతున్నాయి, స్టెరైల్ పద్ధతికి దగ్గరగా ఉండేది అదే, కాకపోతే అది కూడా పక్కపక్క రైతులు కలిసి పెద్ద బ్లాకులో పెడితేనే. ఒక్క ఎకరానికి కొనొద్దు, పక్క చేలో జతకట్టిన ఆడ పురుగు ఎగిరొచ్చి మీ కాయల మీదే గుడ్లు పెడుతుంది.