మూడో గేరు జారిపోతుంటే సెకండ్ హ్యాండ్ గేర్‌బాక్స్ కొనే ముందు

మీ డీజిల్ స్విఫ్ట్‌లో మూడో గేరు దానంతటదే న్యూట్రల్‌కి వస్తోంది, పాత గేర్‌బాక్స్ కొనాలా అన్నారు కదా, ముందు గేర్ కేబుల్ సర్దుబాటు, ఇంజిన్ మౌంట్లు (ఇంజిన్‌ను పట్టి ఉంచే రబ్బరు దిమ్మలు) చూపించండి. అవి బాగుంటే లోపల గేరు పళ్లో, గేరును జరిపే ఫోర్కో అరిగి ఉండొచ్చు.

పెట్రోల్ స్విఫ్ట్ గేర్‌బాక్స్ చవగ్గా వస్తోందని తీసుకోకండి. మీది ఫియట్ 1.3 డీజిల్ ఇంజిన్, బాక్స్‌ను ఇంజిన్‌కి బిగించే బెల్ హౌసింగ్ బోల్టులే కలవవు. అదే ఇంజిన్, అదే మోడల్ బాక్సే కావాలి.

స్క్రాప్ షాపులో ఆయిల్ పూర్తిగా కడిగేసిన బాక్స్ వద్దు, లోపలి అరుగుదల ఆనవాళ్లు దొరకవు. డ్రెయిన్ బోల్ట్ విప్పించండి: సన్నటి ఇత్తడి పొడి సింక్రో రింగుల (గేరు మెత్తగా పడేలా చేసే రింగులు) మామూలు అరుగుదలే, ఇనుప ముక్కలుంటే మాత్రం వదిలేయండి. ఇంజిన్ వైపు ఉండే ఇన్‌పుట్ షాఫ్ట్‌ను చేత్తో తిప్పుతూ అన్ని గేర్లూ వేసి చూడండి. గరగరమంటే బేరింగ్ పోయి ఉండొచ్చు.

బాక్స్ దించినప్పుడే క్లచ్ ప్లేటు, రిలీజ్ బేరింగ్, యాక్సిల్ సీళ్లు మార్చేయండి. లేబర్ ఖర్చు రెండోసారి ఎందుకు? బిల్లు మీద వాపసు గడువు రాయించుకోండి.