జియాలజీ చదివిస్తే ఉద్యోగం దొరుకుతుందా?

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ ఎంపీసీ పూర్తి చేసింది. ఇంజినీరింగ్ వద్దు, డిగ్రీలో జియాలజీ చదువుతానంటోంది. ఆడపిల్లకు కొండల్లో, గనుల్లో తిరిగే చదువెందుకని ఇంట్లో పెద్దలు అంటున్నారు. ఈ చదువుకు ఉద్యోగాలు ఉంటాయా? - ఒక తండ్రి, ఉప్పల్, హైదరాబాద్

జవాబు: ఈ చదువుకు సంబంధించిన పెద్ద పరిశోధన సంస్థ ఒకటి మీకు కూతవేటు దూరంలోనే ఉంది. ఉప్పల్ రోడ్డులోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ (ఎన్‌జీఆర్‌ఐ) 1961 నుంచి పనిచేస్తోంది. బండ్లగూడలో జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా దక్షిణ ప్రాంత కార్యాలయం, శిక్షణ సంస్థ ఉన్నాయి. యురేనియం నిక్షేపాలను అన్వేషించే అణు ఖనిజాల డైరెక్టరేట్ బేగంపేటలో, ఇనుప ఖనిజం తవ్వే ప్రభుత్వ సంస్థ ఎన్‌ఎండీసీ ప్రధాన కార్యాలయం మాసబ్‌ట్యాంక్‌లో ఉన్నాయి. అయితే కార్యాలయాలు నగరంలో ఉన్నంత మాత్రాన ఉద్యోగమూ ఇక్కడే వస్తుందని అనుకోకండి, రాయి ఎక్కడుంటే పనికి అక్కడికే వెళ్లాలి.

ముందుగా ఒక మాట స్పష్టంగా చెప్పాలి. బీఎస్సీ జియాలజీ ఒక్కదానితో చెప్పుకోదగ్గ ఉద్యోగం రావడం కష్టం కనుక ఎమ్మెస్సీ వరకు, అంటే మొత్తం ఐదేళ్లు చదివించే ఓపిక ఉంటేనే ఈ దారిలోకి పంపండి. జియలాజికల్ సర్వేలోనూ, కేంద్ర భూగర్భ జల మండలిలోనూ గ్రూప్-ఏ ఉద్యోగాలకు యూపీఎస్సీ ఏటా నిర్వహించే కంబైండ్ జియోసైంటిస్ట్ పరీక్షకు కూడా పీజీయే అర్హత. సాధారణ అభ్యర్థులకు వయసు 21 నుంచి 32 మధ్య ఉండాలి. ప్రిలిమ్స్‌కు 400, వ్యాసరూప సమాధానాలు రాయాల్సిన మెయిన్స్‌కు 600, ఇంటర్వ్యూకు 200 మార్కులు. కొన్నేళ్లు ఖాళీలు వంద కూడా దాటవు కాబట్టి ఈ ఒక్క పరీక్షనే నమ్ముకుని కూర్చోవడం నా దృష్టిలో తెలివైన పని కాదు. ప్రభుత్వ రంగ సంస్థల ఉద్యోగాలకు, పరిశోధనకు ఉపయోగపడే గేట్ పరీక్ష కూడా రాయాలి. డిగ్రీ చివరి ఏడాదిలో జామ్ అనే జాతీయ ప్రవేశ పరీక్ష రాస్తే ఐఐటీల్లో ఎమ్మెస్సీ చేసే వీలుంటుంది.

మీ అమ్మాయి ఎంపీసీ విద్యార్థిని కావడం ఆమెకు కలిసొచ్చే విషయం. జియాలజీతో పాటు గణితం, భౌతికశాస్త్రం కూడా ఉన్న కాంబినేషన్ దొరికితే వదలకండి, ఎందుకంటే తర్వాత మనసు మారి జియోఫిజిక్స్ (భూభౌతిక శాస్త్రం) వైపు వెళ్లాలనుకుంటే ఆ రెండూ లేనిదే కుదరదు.

ప్రభుత్వ ఉద్యోగాలు కాక గనుల కంపెనీలు, సొరంగాలు, ఆనకట్టల నిర్మాణ సంస్థలు, ఉపగ్రహ చిత్రాలతో పటాలు తయారు చేసే జీఐఎస్ సంస్థలు కూడా వీరిని తీసుకుంటాయి. భూగర్భ జలాల పని మన ప్రాంతంలో ఎప్పుడూ ఉండేదే. నా దగ్గర సలహా తీసుకున్న ఒక అమ్మాయి ఘట్‌కేసర్ వైపు ఒక పొలంలో బోరు పాయింటు చూస్తుండగా నేను పక్కనే నిలబడి గమనించాను. నాలుగు ఇనుప చువ్వలను ఒకే వరుసలో నేలలోకి దిగగొట్టి, చివరి రెండింటి ద్వారా కరెంటు పంపి, మధ్య రెండింటి దగ్గర వోల్టేజీ కొలిచింది. నీరున్న చోట కరెంటు సులువుగా పారుతుంది, ఆ తేడా ఈ కొలతలో కనిపిస్తుంది. చువ్వల మధ్య దూరం పెంచుతూ పోతే మరింత లోతున ఏముందో తెలుస్తుంది. మన గ్రానైటులో నీరు నిలిచేది రాయి పగుళ్లలోనూ, పైన రాయి చివికి మెత్తబడిన పొరలోనూ మాత్రమే కాబట్టి ఈ లెక్క అవసరం. రైతు మాత్రం ఎందుకైనా మంచిదని కొబ్బరికాయ కూడా తెచ్చుకున్నాడు!

ఇక పెద్దల అభ్యంతరం. భూగర్భ గనుల్లోకి మహిళలను పంపకూడదన్న పాత నిషేధాన్ని కేంద్రం 2019లో సడలించింది. సాంకేతిక, పర్యవేక్షణ బాధ్యతల్లో ఉన్న మహిళలు రాతపూర్వక అంగీకారంతో ఉదయం 6 నుంచి సాయంత్రం 7 వరకు అక్కడ పనిచేయడానికి అప్పట్లో అనుమతిచ్చింది. అయినా జియాలజిస్టులందరూ గనుల్లోకి దిగరు. అసలు కష్టం క్షేత్ర పర్యటనల్లో ఉంటుంది. సుత్తి, భూతద్దం, దిక్సూచి సంచిలో వేసుకుని ఎండలో రోజంతా నడవాలి, వారాల తరబడి ఊరుకాని ఊళ్లో ఉండాలి. ఇది అబ్బాయిలకూ కష్టమే. డిగ్రీ ఆన్‌లైన్ ప్రవేశాల వేదిక దోస్త్‌లో ఆప్షన్లు ఇచ్చేలోపు, ఇప్పుడు ఎమ్మెస్సీ జియాలజీ చదువుతున్న ఒక విద్యార్థినితో మీ అమ్మాయిని మాట్లాడించండి, ఫీల్డ్ క్యాంపులో ఎక్కడ పడుకున్నారో, ఏం తిన్నారో కూడా అడగమనండి. అవన్నీ విన్నాక కూడా జియాలజీయే కావాలంటే అడ్డు చెప్పకండి.