ఒక ఒరలో రెండు కత్తులు

ప్రశ్న: 2021లో అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలో లేకర్స్ జట్టు రసెల్ వెస్ట్‌బ్రూక్‌ను తెచ్చుకోవడం దండగేనా? మా అన్నయ్య ఇప్పటికీ “అంత జీతమా!” అంటాడు.
– ఓ పాఠకుడు, విజయవాడ

జవాబు: మీ అన్నయ్యది సగం నిజమే. ఆ సీజన్‌కి అతని జీతం దాదాపు 4.4 కోట్ల డాలర్లు. జీతాల లెక్కలో దానికి సరితూగేలా కుజ్మా, కాల్డ్‌వెల్-పోప్, హారెల్ అనే ముగ్గురు ఆటగాళ్లనీ, పైగా ఆ ఏటి డ్రాఫ్ట్‌లో (జట్లు వంతులవారీగా కొత్త ఆటగాళ్లను ఎంచుకునే చోట) 22వ ఎంపికనూ అతని పాత జట్టు వాషింగ్టన్‌కు ఇచ్చేశారు. నాకు గుచ్చుకునేది జీతం కాదండీ, కాల్డ్‌వెల్-పోప్‌ని వదులుకోవడం. (కాలేజీలో గార్డుగా, అంటే బుట్టకు దూరంగా ఉండే స్థానంలో, ఆడినదాన్ని, ఆ పక్షపాతం ఉంది లెండి.) దూరం నుంచి మూడు పాయింట్లు వేస్తూ, అవతలి గార్డును కట్టడి చేసేవాడు. అప్పటి లేకర్స్ తార లెబ్రాన్ పక్కన కావలసింది అలాంటి మనిషి. వెస్ట్‌బ్రూక్‌కేమో బంతి తన చేతిలోనే ఉండాలి, దూరపు షాట్ అంతంతమాత్రం. చివరికి 33 గెలుపులు, 49 ఓటములు, ప్లేఆఫ్స్ (టైటిల్ కోసం ఆడే చివరి దశ) గల్లంతు. సగం జీతానికి వస్తానన్నా నేనైతే వద్దనేదాన్ని.