తిరుమలలో ఉన్న తోడరమల్లు అక్బరు మంత్రి కాదు

"తిరుమల గుడిలో ఉన్న తోడరమల్లు విగ్రహం అక్బరు నవరత్నాల్లో ఒకడైన తోడరమల్లుదేనా?" అని అడిగారు. కాదు. వీడియోల్లో ఎంతమంది ఎంత గట్టిగా చెప్పినా కాదు.

మాది తిరుపతే. ఇంటికొచ్చిన చుట్టాలనూ స్నేహితులనూ కొండకు తీసుకెళ్లే పని మా ఇంట్లో ఎప్పుడూ నాదే. మహాద్వారం దాటగానే కుడివైపు శ్రీకృష్ణదేవరాయలు, ఆయనకు అటూ ఇటూ తిరుమలదేవి, చిన్నాదేవి చేతులు జోడించి నిలబడి ఉంటారు. వాళ్లను అందరూ గుర్తుపడతారు, దండం కూడా పెడతారు. ఎడమవైపు వెంకటపతిరాయలు, అచ్యుతరాయల దంపతులు ఉంటారు. అటు తల తిప్పేవాళ్లు తక్కువ. ఇంకాస్త లోపలికి, ధ్వజస్తంభం దగ్గర తిరుమలరాయ మండపంలో మరో మూడు లోహ విగ్రహాలు ఉన్నాయి. తోడరమల్లు, ఆయన తల్లి మోహనాదేవి, భార్య పితాబీబీ. తకరారంతా ఈయన దగ్గరే.

ఒకసారి మా అమ్మాయితో ఆఫీసులో పనిచేసే పంజాబీ అమ్మాయి తల్లిదండ్రులు పాటియాలా నుంచి దర్శనానికి వచ్చారు. పెద్దాయన రిటైరైన మనిషి, మోకాళ్ల నొప్పి ఉన్నా ఒక్క మాట అనలేదు. సరిగ్గా ఆ విగ్రహాల దగ్గరికి రాగానే లైను ఆగింది. మా వెనకాల ఒకాయన తన పిల్లలకు చెబుతున్నాడు: "ఇదిగో నాయనా, అక్బరు దగ్గర బీర్బల్‌తో పాటు మంత్రిగా ఉన్న తోడరమల్లు ఈయనే." పెద్దాయనకు తెలుగు రాదు కానీ అక్బర్, తోడరమల్ అన్న రెండు మాటలూ చెవిన పడ్డాయి. ఆయన ఏమంటున్నాడని నన్ను హిందీలో అడిగారు. చెప్పాను. ఆయన తల అడ్డంగా ఊపి, "మా వైపు తోడరమల్ అంటే అక్బర్ మంత్రి గుర్తుకు రాడు సార్, సర్హింద్ దివానే గుర్తొస్తాడు" అన్నారు.

ఆ క్యూలోనే, ఇనుప కమ్మీ పట్టుకుని, కథ చెప్పారు. గురు గోబింద్ సింగ్ చిన్న కొడుకులు ఇద్దర్నీ, జోరావర్ సింగ్‌నూ ఫతే సింగ్‌నూ, సర్హింద్ నవాబు చంపించాడు. 1704 ప్రాంతంలో జరిగిన సంగతి. పిల్లలిద్దరికీ, వాళ్ల నాయనమ్మకూ దహనం చేయడానికి జాగా దొరకలేదట. కావాలంటే ఆ నేల మీద బంగారు నాణేలు పరిచి కొనుక్కోమన్నారట, అదీ పడుకోబెట్టి కాదు, నిలబెట్టి. దివాన్ తోడరమల్ అనే ఆయన అలాగే నాణేలు పేర్చి ఆ నేల కొన్నాడని పంజాబులో ఇంటింటా చెప్పుకుంటారు. ఆ చోట ఇప్పుడు ఫతేగఢ్ సాహిబ్‌లో జ్యోతి సరూప్ గురుద్వారా ఉంది. ఆయన ఇల్లు జహాజ్ హవేలీ కూడా అక్కడికి దగ్గర్లోనే ఉంది. నాణెం ఎలా నిలబెట్టారో చూపించడానికి ఆ పెద్దాయన బొటనవేలు, చూపుడువేలు దగ్గరకు చేర్చి కమ్మీ మీద పెట్టి చూపించారు. చెబుతుంటే గొంతు పట్టేసింది. ఆయన భార్య మాత్రం అంతసేపూ మోహనాదేవి విగ్రహం వైపే చూస్తూ ఉంది.

వెనకాల ఉన్నాయన కూడా వింటున్నాడు. వాళ్ల పిల్లాడు నన్ను అడిగాడు, "మరి ఈయన ఏ తోడరమల్లు అంకుల్?" అని. లోపల ఫోన్లు ఉండవు కదా, గూగుల్ తీసి ఎవరూ వాదించలేరు. "ఈయన ఆర్కాటు తోడరమల్లు నాయనా, మన పక్కవాడే" అన్నాను. ఇంకా చెప్పబోతుంటే లైను కదిలింది, జరగండి జరగండి అని సేవకులు మొదలుపెట్టారు. ఆ పిల్లాడికి చెప్పలేకపోయింది ఇక్కడ రాస్తున్నాను.

అక్బరు మంత్రి తోడరమల్లు 1589లో లాహోరులో చనిపోయాడు. అప్పటికి మొగలులు మనకు చాలా ఉత్తరాన ఉన్న అహమద్‌నగర్ కూడా పట్టుకోలేదు, అది జరిగింది 1600లో. మన వైపు అప్పుడు పాలించేది విజయనగర రాజు వెంకటపతిరాయలు. పొలం కొలిచి పన్ను నిర్ణయించే పద్ధతిని ఉత్తరాదిలో నిలబెట్టడానికే జీవితమంతా పెట్టిన మంత్రి, తల్లినీ పెళ్లాన్నీ వెంటబెట్టుకుని పరాయి రాజు గుడికొచ్చి విగ్రహాలు పెట్టించుకున్నాడంటే ఎలా నమ్మాలి? పైగా మన విగ్రహానికి లాలా ఖేమరాము అనే పేరు కూడా ఉంది. అక్బరు మంత్రిని ఆ పేరుతో ఎవరైనా పిలిచారా?

మన తోడరమల్లు ఆర్కాటు నవాబు సాదతుల్లా ఖాన్ కాలం మనిషి. అంటే 1700 దాటిన తర్వాత. ఆయన్ను ఇంకా బాగా తెలుసుకోవాలంటే కంచి వెళ్లాలి. ఔరంగజేబు సైన్యాల భయంతో 1688లో కంచి వరదరాజస్వామి ఉత్సవమూర్తిని ఉడయార్‌పాళయం తరలించారు. గండం గడిచాక అక్కడి పాలెగారు స్వామిని తిరిగి ఇవ్వనన్నాడు. అప్పుడు ఆత్తాన్ జీయర్ అనే వైష్ణవ గురువు తన శిష్యుడైన లాలా తోడరమల్లును అడిగితే, ఆయన బలగంతో వెళ్లి 1710లో స్వామిని కంచికి తెచ్చాడు. ఈ సంగతి ఆ గుళ్లో శాసనంగా ఉంది. అక్కడా ఆయన విగ్రహం ఉంది. నవాబు కొలువులో ఉంటూ దేవుణ్ని వెనక్కి తెచ్చినవాడు! ఇంత పని చేసిన మనిషిని పట్టుకుని, పేరు కలిసిందని ఆగ్రా దర్బారుకు అప్పజెప్పేస్తే నాకు నిజంగా బాధగా ఉంటుంది.

ఇంకో సంగతి గమనించండి. సర్హింద్ తోడరమల్, ఆర్కాటు తోడరమల్లు ఇద్దరూ ఒకే కాలం వాళ్లు. ఒకరి పేరు 1704 దగ్గర వినిపిస్తుంది, ఇంకొకరిది 1710లో. ఇద్దరూ నవాబుల కింద పనిచేసినవాళ్లే, ఇద్దరూ దేవుడి కోసమో ధర్మం కోసమో సాహసం చేసినవాళ్లే. అందుకే కాలం ఒక్కటీ చూస్తే చాలదు, పక్కన ఎవరున్నారో కూడా చూడాలి. మోహనాదేవి, పితాబీబీ పక్కన లేకపోతే మన తోడరమల్లు ఎప్పుడో ఎవరి ఖాతాలోనో కలిసిపోయేవాడు. నన్నడిగితే ఆ మూడింటిలో ముఖ్యమైన విగ్రహం తల్లిదే.

ఈ జబ్బు తోడరమల్లుతో ఆగలేదు. ఎడమవైపు ఉన్న వెంకటపతిరాయల్ని చూపించి, మద్రాసు జాగా ఇంగ్లీషు వాళ్లకు ఇచ్చింది ఈయన హయాంలోనే అని చెప్పేవాళ్లను చాలామందిని చూశాను. ఈయన 1614లోనే పోయాడు. మద్రాసు వ్యవహారం 1639 నాటిది, అప్పటి రాయలు వేరే వెంకటపతి. తాళ్లపాక వాళ్లు మాత్రం తెలివిగా అన్నమయ్య కొడుక్కి పెదతిరుమలాచార్యులు, మనవడికి చినతిరుమలాచార్యులు అని తేడా ఉంచారు. మనం కీర్తనలు రాసిన ఆ ఇద్దరినీ వదిలేసి, పాట వినబడితే చాలు అన్నమయ్యది అంటున్నాం. పేరున్నవాడి కిందికే అంతా చేరుతుంది, ఎందుకో తెలియదు!

క్యూలో నిలబడే భక్తుణ్ని నేను తప్పుపట్టను. అక్కడ ఆగనివ్వరు, చదవడానికి కళ్లకు ఆనే బోర్డు ఉండదు. గంటల తరబడి కంపార్టుమెంట్లలో కూర్చోబెట్టే చోట టీవీల్లో ఈ విగ్రహాల గురించి అయిదు నిమిషాలు చెప్పినా చాలు. విగ్రహం పక్కన నాలుగు లైన్ల పలక పెట్టాలి. తోడరమల్లు పేరు, తల్లి పేరు, భార్య పేరు, ఆర్కాటు నవాబుల కాలం. చివర్లో "అక్బరు మంత్రి కాదు" అని కూడా పెద్దక్షరాల్లో, తెలుగు, తమిళం, కన్నడం, హిందీ నాలుగింట్లోనూ రాయించాలి.